ద్రాక్షతోట డైరెక్టర్లు

దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతంలో కంపెనీల గుట్టు విప్పిన మొట్టమొదటి పరిశోధకుణ్ణి నేనే. ఏ కంపెనీ వెనక ఎవరున్నారో, ఆ ఎవరి వెనక ఇంకెవరున్నారో, గ్రంథాలయంలో పుస్తకాల గుట్టలు తిరగేసి, గోడంత పటం గీసి తేల్చినవాణ్ణి. నేను అరుగు మీద కూర్చుని ఉంటే ప్లాట్ల వ్యాపారులు మా వీధిలోకి వచ్చి, బండి దిగకుండానే వెనక్కి తిప్పుకునేవాళ్లు.

మా కోడలికి ఇలాగే చెబుతుంటాను. ఆవిడ కాలేజీలో కామర్స్ పాఠాలు చెబుతుంది కాబట్టి నమ్మదు. మీకూ ఇలాగే చెప్పి ఊరుకుందామనుకున్నాను గానీ, నోటితో చెప్పినంత తేలిగ్గా కాగితం మీద అబద్ధం నిలబడదు. సవరించుకుంటాను. పుస్తకాల గుట్టలు లేవు, ఒక లావుపాటి పుస్తకం, దానికి తోడు ఒక సన్నపాటిది. పటం గీసింది గోడ మీద కాదు, గోడకు వేలాడే క్యాలెండరులో అయిపోయిన నెల వెనక వైపు. బండి వెనక్కి తిప్పినవాడు ఒకడున్న మాట నిజం. మా వీధి ఇరుకు, జీపు తిప్పుకోలేక అవస్థ పడుతుంటే నేనే గేటు తెరిచి దారిచ్చాను.

మొన్న మా కోడలు వాళ్ల కాలేజీ లైబ్రరీ కొన్న డేటాబేసు ఒకటి చూపించింది. ఒక డైరెక్టరు పేరు కొడితే చాలు, ఆయన ఏయే కంపెనీల్లో ఉన్నాడో, ఆ కంపెనీల్లో ఇంకెవరున్నారో, సాలెగూడులా గీతలు గీతలుగా తెర మీద పరుచుకుంటుంది. నేను నెలరోజులు పడ్డ పాటు అది తుమ్మేలోపు చేసింది. "మరి ఒకే పేరు ఇద్దరికుంటే?" అనడిగాను. "ప్రతి డైరెక్టరుకీ ఒక నంబరు ఇస్తారు మామయ్యగారూ, కలిసిపోవడం ఉండదు" అంది. ఆ నంబరు మా రోజుల్లో లేకపోవడం వల్లే నాకు చెప్పుకోవడానికి ఈ కథ మిగిలింది.

ఎనభైల్లో మేము కొత్తపేటలో కిరాయికి ఉండేవాళ్లం. నేను కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చినవాణ్ణి, ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. ఇంటాయన పాత ఊరి రైతు. ఎల్.బి.నగర్ చౌరస్తా దాటాక ఆయనకొక ద్రాక్షతోట ఉండేది. అందువల్ల ఊరంతా ఆయన్ని తోట పటేలు అనేవాళ్లు. మేము పటేల్ గారూ అనేవాళ్లం. ఆయన భార్యను అందరూ పటేలమ్మ అనేవాళ్లు. ఆవిడ భర్త గురించి చెప్పాల్సి వస్తే "మా పటేలు" అనేది, మరీ కోపం వస్తే "మా ఇంట్లాయన" అనేది.

అప్పట్లో చౌరస్తా నుంచి ఎటు చూసినా ఏదో ఒక తోట పోయి కాలనీ వస్తుండేది. ముందు చెట్లు ఎండేవి, తర్వాత సున్నం పూసిన రాళ్లు మొలిచేవి, ఆ తర్వాత ఒక కమాను లేచేది. కమాను మీద కాలనీ పేరు పెద్ద అక్షరాలతో ఉండేది, లోపల మాత్రం ఇల్లన్నది కనపడేది కాదు. ఇళ్లు లేచిన చోటల్లా బోర్లు వేశారు. బోర్లు పడ్డకొద్దీ పటేలు తోటలో బావి లోతుకు పోయింది. పందిరి మీద అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తీగలు ఆకులు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. తోట ఇక ఎన్నాళ్లో నిలవదని ఆయనకు తెలుసు. ఎవరి చేతికి పోవాలన్నదే ఆయన లెక్క. దానిమీదే ఆయనకు పట్టుదలంతా.

రెండు కంపెనీలు తోట కోసం తిరిగేవి. ఒకటి తెల్ల అంబాసిడర్‌లో వచ్చేది, రెండోది జీపులో. నేను వాటిని అలాగే పిలుస్తాను, అసలు పేర్లతో మనకు పని లేదు. రెండూ అడిగేది ఒకటే: తోట మీద సర్వహక్కులూ మాకు రాసిచ్చెయ్యి, మేము ప్లాట్లు కోసి అమ్మి నీ వాటా నీకిస్తాం. పటేలుకు చదువు పెద్దగా లేదు గానీ బేరం తెలుసు. అంబాసిడర్ వాళ్ల మాట జీపు వాళ్లకు, జీపు వాళ్ల మాట అంబాసిడర్ వాళ్లకు అందిస్తూ ఇద్దర్నీ కొంచెం కొంచెంగా పైకి లాగుతున్నాడు. ద్రాక్ష కోత అయిపోగానే ఎవరికో ఒకరికి సంతకం పెడతానని ఇద్దరికీ చెప్పాడు.

ఒకరోజు పొద్దున నేను పేపరు చదువుతుంటే అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"సారూ, నువ్వు రోజు పట్నం పోతవ్ గద."

"ఆఫీసుకి పటేల్ గారూ, షికారుకి కాదు."

"గదే. గీ రెండు కంపెనీలోళ్లు ఎవలు, ఎక్కడోళ్లు, జర అర్సుకో. పార్టీలు రెండుంటేనే నా మాట నడుస్తది. రెండూ కలిసి ఒక్కటే అయితే నేను మునుగుత. సంతకం పెట్టినంక తోట నాది గాదు."

"నేనెలా కనుక్కుంటానండీ?"

"ఇంగ్లీషు పేపరు చదువుతవ్ గద?"

నా చేతిలో ఉన్నది ఆయన పేపరే, తెలుగుది. ఇంగ్లీషు పేపరు నేను పొట్లం విప్పినప్పుడు చదివేవాణ్ణి. ఆ సంగతి చెప్పకుండా, "చూద్దాం లెండి, నాకు తెలిసిన మార్గాలున్నాయి" అన్నాను. లోపల్నుంచి మా ఆవిడ దగ్గు వినిపించింది.

మార్గాలేమీ లేవు. మా ఆఫీసు పక్కన ఒక పెద్ద గ్రంథాలయం ఉండేది, అంతే. మా ఆఫీసులో భోజన విరామం సాగే గుణం కలది. గ్రంథాలయంలో పంకాలు పెద్దవి, వేసవిలో నేను అక్కడే గడిపేవాణ్ణి. రిఫరెన్సు విభాగంలో ఒక మేడమ్ ఉండేవారు. ఆవిడ రాజ్యంలో పెన్ను నిషేధం. పుస్తకాల మీద సిరా పడుతుందని వచ్చినవాళ్ల పెన్నులు బల్ల మీద పెట్టించి, పెన్సిలు ఇచ్చేవారు. వెళ్లేటప్పుడు ఆ పెన్సిలు చెక్కి తిరిగి ఇవ్వాలి.

"ఏం కావాలి?" అన్నారు.

"కంపెనీల డైరెక్టర్ల గురించి తెలుసుకోవాలండీ."

"షేర్లు కొన్నారా?"

"లేదండీ. మా ఇంటాయనకు ద్రాక్షతోట ఉంది."

ఆ జవాబును ఏ అరలో సర్దాలో తోచనట్టు ఆవిడ కాసేపు నన్ను చూసి, లావుపాటి పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. అందులో దేశంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఉన్నాయి. మా అంబాసిడర్, జీపు కంపెనీలు లేవు. నేను మూడు మధ్యాహ్నాలు దాన్నే తిరగేశాను. తిరగేశాను అంటే, తెరిచి దాని వెనక కునుకు తీశాను. అట్ట నిలబెడితే ముఖం కనపడదు, అంత లావు. మేడమ్‌కు అనుమానం వచ్చి సన్నపాటి పుస్తకం తెచ్చారు.

"ఇది ఇక్కడి వ్యాపారుల సంఘం వేసేది. చిన్న కంపెనీలు ఇందులో ఉంటాయి. లేచి చూడండి."

ఆ సన్నపాటి పుస్తకం రెండు భాగాలు. మొదటి భాగంలో కంపెనీ పేరు, దాని కింద డైరెక్టర్ల పేర్లు. రెండో భాగం దానికి తిరగేత: డైరెక్టరు పేరు, దాని కింద ఆయన ఉన్న కంపెనీలు. పని పద్ధతి మేడమే నేర్పారు. ముందు భాగంలో కంపెనీ పట్టుకుని దాని డైరెక్టర్లను రాసుకోవాలి. ఒక్కొక్క డైరెక్టరునీ వెనక భాగంలో వెతికి ఆయన మిగతా కంపెనీలు రాసుకోవాలి. మళ్లీ ముందు భాగానికి వచ్చి ఆ కంపెనీల డైరెక్టర్లను రాసుకోవాలి. అలా ముందుకీ వెనక్కీ తిరుగుతుంటే, ఎక్కడో ఒకచోట రెండు దారులు కలుస్తాయి. పెళ్లి సంబంధాలు విచారించే పద్ధతే ఇది. ఫలానావారి మేనమామ ఎవరు, ఆయన తోడల్లుడు ఎవరు అంటూ పోతే చివరికి మనకే ఏదో వరస తగులుతుంది. కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు.

రోజూ కాసిని పేర్లు చీటీ మీద రాసుకుని ఇంటికి తెచ్చి, క్యాలెండరు కాగితం మీద గుండ్రాలు చుట్టి గీతలు కలిపేవాణ్ణి. మా ఆవిడ చూసి, "ముగ్గు వేస్తున్నారా?" అంది. "దీన్ని పరిశోధన అంటారు" అన్నాను. "అయితే ఆ నెల చించకముందు నన్ను అడగాల్సింది. పాలవాడి నాగాలు దాని మీదే ఉన్నాయి" అంది. నా పరిశోధనలో పాలవాడి నాగాలు కూడా అంతర్భాగమయ్యాయి.

అంబాసిడర్ కంపెనీ డైరెక్టర్లు ఒక గుంపు, జీపు కంపెనీ డైరెక్టర్లు ఇంకో గుంపు. వాళ్లకు నూనె మిల్లులున్నాయి, వీళ్లకు లారీలున్నాయి. చాలారోజులు ఎక్కడా గీత కలవలేదు. కలవకపోతే పటేలుకు మంచిదే. కానీ నాకు చిన్నతనంగా ఉంది. నెలరోజులు వెతికి, 'ఏమీ లేదండీ' అని చెప్పడానికి మనసొప్పలేదు.

ఒక మధ్యాహ్నం దొరికింది. రెండో భాగంలో ఒక పేరు. దాని కింద వరసగా మూడు కంపెనీలు: అంబాసిడర్ కంపెనీ, జీపు కంపెనీ, ఒక ఇటుకల కంపెనీ. ముందు భాగంలోకి వెళ్లి సరిచూశాను. అంబాసిడర్ వాళ్ల జాబితాలో చివరన ఆ పేరు ఉంది. జీపు వాళ్ల జాబితాలోనూ చివరన అదే పేరు. ఇన్నాళ్లూ పైనున్న పెద్దమనుషుల్నే చూస్తూ అడుగువాణ్ణి వదిలేశానన్నమాట. రెండు కంపెనీల్లోనూ కూర్చుని, రెండు చేతుల్తో రెండు బొమ్మలాడిస్తున్న మనిషి.

నేను కుర్చీలోంచి లేచి కేక వేశాను. మనసులో. బయటికి మేడమ్ దగ్గరికి నడిచి వెళ్లి పుస్తకం చూపించాను.

"ఈ పేరున్నవాడు ఒకడేనని ఎలా అనుకున్నారు?" అన్నారావిడ.

"ఇంటిపేరుతో సహా కలిసిందండీ."

"ఈ పుస్తకంలో తండ్రి పేరు వెయ్యరు, ఇంటి చిరునామా వెయ్యరు. కంపెనీలు పంపిన కాగితాల్లో పేరు ఒకటే కనపడితే ఒకే మనిషి కింద కలిపేస్తారు. కంపెనీల రిజిస్ట్రారు దగ్గర ఫైలు చూపిస్తారు, వెళ్లి తండ్రి పేరు చూసుకోండి."

"ఇంటిపేరు కూడా కలిశాక ఇంక తండ్రితో పనేముందండీ?"

ఆవిడ పెన్సిలు చెక్కి ఇమ్మన్నారు.

రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాను. అక్కడ నాలుగు గంటలు నిలబడి... లేదు, ఆ వీధిదాకా వెళ్లాను. మూలమీద చెరుకురసం బండి ఉంది. రసం తాగేసరికి బస్సు వచ్చింది.

ఆ సాయంత్రం పటేలు అరుగు మీద మంచం వాల్చుకుని ఉన్నాడు. తోటనుంచి వచ్చిన మొదటి కోత బుట్ట ముందు పెట్టుకుని పటేలమ్మ, మా ఆవిడ కుళ్లిన పళ్లు ఏరుతున్నారు. నేను చెప్పులు కూడా విప్పకుండా నిలబడి క్యాలెండరు కాగితం విప్పాను.

"పటేల్ గారూ, దొరికాడు."

"ఎవడు సారూ?"

"మీ రెండు కంపెనీలనీ లోపల్నుంచి ఆడిస్తున్నవాడు. పైకి పోటీ, లోపల పొత్తు. మీరు ఈ చెవిలో చెప్పిందీ ఆ చెవిలో చెప్పిందీ రెండూ ఒకే బుర్రలోకి పోతున్నాయి."

పటేలు లేచి కూర్చున్నాడు. "నిజంగనా?"

"అచ్చులో ఉంది. ఇలాంటివాళ్లు మహా ముదుర్లు పటేల్ గారూ. జాబితాలో అడుగున నక్కి ఉంటారు. పేరు పైకి రానివ్వరు. ముఖం చూస్తే అమాయకుడిలా ఉంటాడు, లోపలంతా విషం." ముఖం సంగతి నాకెలా తెలుసని ఎవరూ అడగలేదు.

"ఇగ పేరు చెప్పు."

చెప్పాను. ఇంటిపేరుతో మొదలుపెట్టి, గట్టిగా, పక్కింటికి కూడా వినపడేలా.

పటేలమ్మ చేతిలో గుత్తి బుట్టలో పడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఒక్క పరుగున లోపలికి పోయింది. లోపల్నుంచి గిన్నెలు కదిలిన చప్పుడూ, ఆపుకోలేని నవ్వూ వినిపించాయి. మా ఆవిడ ఆ గుమ్మం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. పటేలు కాగితం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సారూ," అన్నాడు చివరికి. "గది నా పేరు."

ఆయన ఇంట్లో అన్నాళ్లు ఉండి ఆయన పేరు తెలియకపోవడమేమిటని మీరడగవచ్చు. ఎవరు చెబుతారు? ఊరివాళ్లకు ఆయన తోట పటేలు. భార్య భర్త పేరు పలకదు. మేము నెలనెలా కిరాయి చేతికిచ్చేవాళ్లం, రసీదు అడిగే అలవాటూ లేదు, ఇచ్చే అలవాటూ లేదు. ఉత్తరాలు ఆయనకు రావు.

"విషం సంగతి మంచిగనే చెప్పినవ్" అన్నాడు పటేలు. "ఇటుకల కంపెనీ గూడ నాదేనా? ఇంకేమన్న ఉన్నయా జర చూడు. గీ ఇల్లన్న నాదేనా?"

"మీరు ఎక్కడైనా సంతకం పెట్టారేమో..." అన్నాను, ఇంకా నా పరిశోధన వదలలేక.

"పెట్టలే. నేను సంతకం పెడితే ఊరంతకు ఎర్కైతది, అంత టైం పడ్తది నాకు."

పటేలమ్మ గుమ్మంలోకి వచ్చి, నవ్వు దిగమింగుతూ మా ఆవిడతో అంది: "చెల్లే, మీ సారుకు చెప్పు. గా పేరు మా ఇంట్ల ముగ్గురికున్నది. మా మామకు నాయిన ఉండె గద, ఆయిన పేరు. ముగ్గురు కొడుకులు, ముగ్గురూ పెద్దకొడుక్కు గదే పేరు పెట్టిన్రు. ఒకలు పెట్టి ఒకలు పెట్టకుంటే ముసలాయన అలుగుతుండె."

అందుకే ఊళ్లో వాళ్లను పేరుతో పిలవరు. పెద్దాయన కొడుకు తోట పటేలు. రెండో ఆయన కొడుకు బట్టీలు నడుపుతాడు కాబట్టి ఇటుకలాయన. మూడో ఆయన కొడుకు చదువుకుని నగరంలో ఉంటాడు, సఫారీ సూట్లు వేస్తాడు, ఆయన పట్నమాయన. ముగ్గురికీ ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే. వ్యాపారుల సంఘంవాళ్ల పుస్తకం వాళ్లను కలిపి ఒకే మనిషిని చేసింది. నేను ఆ మనిషికి విషం పోశాను.

నవ్వడానికి నేనూ సిద్ధమయ్యాను. అప్పుడు చూశాను, పటేలు నవ్వడం లేదు.

"నేనైతే గాదు," అన్నాడు. "మరి గా పేరు పుస్తకంల ఎట్లున్నది?"

పటేలు మంచం మీంచి కాళ్లు కిందికి దించి గుమ్మం వైపు తిరిగాడు.

"ఇటుకలోడు ఎప్పుడొచ్చినా ఏమంటడు?" అని భార్యనడిగాడు.

"జీపోళ్లకు ఇయ్యకన్నా, ముంచుతరు అంటడు."

"పట్నపోడు?"

"అంబాసిడరోళ్లు దొంగలు అంటడు."

"తమ్ముళ్లు గద, నా మంచి కోరి చెప్తున్నరనుకున్న" అన్నాడు పటేలు. "ఎంతకైతే ఇస్త, ఎంతకైతే ఇయ్య, నా కడుపుల మాటంత ఇద్దరికీ చెప్పిన."

నేను చెప్పింది తప్పు. రెండు కంపెనీలూ నిజంగా రెండే, పోటీ నిజమే. కాకపోతే పాత ఊళ్లో అడుగుపెట్టాలంటే ఆ ఊరి పేరొకటి జాబితాలో ఉండాలని రెండింటికీ తోచింది. ఇద్దరూ వెళ్లి ఆ ఇంటివాళ్లనే చెరొకర్నీ పట్టుకున్నారు. పటేలు ఎంతకు దిగుతాడో రెండు కంపెనీలకూ ముందే తెలుసు. ఆయన ఇన్నాళ్లూ ఆడుతున్నది తన ముక్కలు ఎదుటివాళ్లకు చూపించి ఆడే పేకాట.

మరుసటి ఆదివారం పొద్దున్న పటేలు ఇద్దరు తమ్ముళ్లనూ తోటకు రమ్మన్నాడు, కోతకు చెయ్యి సాయం కావాలని. నన్నూ రమ్మన్నాడు. ఆనాటి పంచాయతీకి నేనే పెద్దమనిషిని. అంటే, నాకొక బుట్ట ఇచ్చి పందిరి కింద నిలబెట్టారు, వాళ్లు గుత్తి కోసి అందిస్తే నేను పట్టుకునేవాణ్ణి. పందిరి రాతి కడీల మీద ఉండేది, మనిషి ఎత్తు. నేను పొడుగు, కాబట్టి ఆ పంచాయతీ అంతా వంగే విన్నాను.

ఇటుకలాయన సైకిలు మీద వచ్చాడు. పట్నమాయన స్కూటరు మీద వచ్చి, సఫారీకి మట్టి అంటకుండా కడీకి ఆనకుండా నిలబడ్డాడు. కాసేపు ముగ్గురూ కోశారు. తర్వాత పటేలు కత్తెర ఆపి, వెనక్కి తిరక్కుండానే ఆ పేరు పిలిచాడు. తాత పేరు, పూర్తిగా.

"ఆ, అన్నా" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఎవలను పిలిచిన?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తోటలో ఆ పేరు అలా బయటికి విని చాలా ఏళ్లయిందనుకుంటాను.

"సారు పట్నంల ఒక పుస్తకం చూసిండు," అన్నాడు పటేలు. "గా పుస్తకంల మనం ముగ్గురం ఒక్కడే అట. తాతనే మల్ల పుట్టి రెండు కంపెనీల కూసున్నడనుకున్న. ఇంతకూ అంబాసిడరుల ఎవలున్నరు?"

ఇటుకలాయన బుట్టలోకి చూశాడు. "నేనే అన్నా. ఊరోడు ఒకడుంటే నమ్మకముంటదన్నరు. కుర్సీ ఏసిన్రు, చాయ్ తాపిన్రు, ఇటుకలు మొత్తం నీ దగ్గరనే కొంటమన్నరు. సంతకం పెట్టిన. నీ తోట మాట నాకు అప్పుడు తెల్వది, ఒట్టు."

"తెలిసినంక?"

"తెలిసినంక నోరు రాలే."

పటేలు పట్నమాయన వైపు తిరిగాడు. పట్నమాయన తల దించలేదు.

"నేను తెలిసే పెట్టిన" అన్నాడు. "నీ బాయి ఎండింది. నువ్వు ఎట్లైన అమ్ముతవ్. ఎవనికో ఇచ్చే బదులు నేనున్న కంపెనీకి ఇస్తే తప్పేంది? తోట ఇంటి మనిషి చేతులనే ఉంటది."

"తప్పు లేదు. చెప్పి అడిగితే తప్పు లేదు."

"చెప్పి అడిగితే ఇస్తుంటివా?"

పటేలు ఇంకో గుత్తి కోసి నాకందించాడు. నా నడుము పట్టేసింది, అయినా కదల్లేదు.

"ఇస్తుంటినో, లేదో" అన్నాడు. "ఇప్పుడు ఎట్ల తెలుస్తది?"

పట్నమాయన కత్తెర కడీ మీద పెట్టి వెళ్లిపోయాడు. స్కూటరు చప్పుడు రోడ్డెక్కేదాకా వినపడింది. ఇటుకలాయన మాత్రం నిలబడి, ఆ వరస చివరిదాకా గుత్తులు కోశాడు.

పటేలు తోటను రెండు కంపెనీల్లో దేనికీ ఇవ్వలేదు. ఇటుకలాయన కంపెనీ వదిలేస్తూ రాజీనామా ఇచ్చాడు. ఆ ఉత్తరం ఇంగ్లీషులో రాసింది నేనే. అది చదివి అంబాసిడర్ వాళ్ల వకీలు ఎవరీ మహానుభావుడని ఆరా తీశాడని చెబుతుంటాను. అది ఒకే ఒక్క వాక్యం, మా ఆఫీసులో సెలవు చీటీకి వాడే వాక్యమే కొంచెం మార్చాను. వకీలు చదివాడో లేదో కూడా తెలియదు. ఆ తర్వాత పటేలూ ఇటుకలాయనా కలిసి తామే ఒక కంపెనీ పెట్టి తోటను ప్లాట్లు చేశారు. పక్కనున్న పొలాన్ని జీపు కంపెనీ కొని ప్లాట్లు చేసింది. రెండు లేఅవుట్ల మధ్య హద్దు తాడు కట్టేటప్పుడు పటేలూ పట్నమాయనా చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. తాడు బిగువుగా ఉందా లేదా అన్నంతవరకే మాట్లాడుకున్నారు.

వ్యాపారుల సంఘం మరుసటి ఏటి పుస్తకం వచ్చింది. భోజన విరామంలో వెళ్లి చూశాను. రెండో భాగంలో ఆ పేరు అలాగే ఉంది, ఇంకా ఒకే మనిషి. దాని కింద ఇటుకల కంపెనీ, జీపు కంపెనీ, వాటి తర్వాత పటేలు కొత్త కంపెనీ. రాజీనామా ఇచ్చిన అంబాసిడర్ కంపెనీ కూడా ఉంది, ఆ సంగతి ఇంకా సంఘానికి చేరినట్టు లేదు. పుస్తకం ప్రకారం ఒక పెద్దమనిషి తన తోట పక్కన తానే పోటీగా ప్లాట్లు అమ్ముకుంటున్నాడు. మేడమ్‌కు చూపించాను. ఈసారి ఆవిడ నవ్వారు. "సంఘానికి సవరణ చీటీ పంపిద్దాం, తండ్రుల పేర్లతో ఎవరు ఎవరో రాసుకు రండి" అని ఒక చీటీ, పెన్సిలు ఇచ్చారు. పెన్సిలు బయటికి ఇవ్వడం అదే మొదటిసారి.

ఆ చీటీ పట్టుకుని తోటకు వెళ్లాను. తీగలు కొట్టేశారు, పందిరి కడీలు పీకుతున్నారు. వాటినే ప్లాట్లకు హద్దు రాళ్లుగా పాతుతున్నారు. పటేలుకు విషయం చెప్పాను. ఆయన చీటీని కాసేపు చేతిలో పట్టుకుని, కళ్లు తుడుచుకుని, "ఉండనియ్యి సారూ. పుస్తకంలనన్న ముగ్గురం ఒక్కకాడ ఉన్నం" అన్నాడు.

ఇది నేను చాలా ఏళ్లుగా చెబుతున్న ముగింపు. విన్నవాళ్లు కాసేపు మాట్లాడకుండా ఉంటారు, అది నాకు బాగుంటుంది. మా కోడలు కూడా ఈ ఒక్క ముక్క నమ్మింది.

ఆయన అలా అనలేదు. చీటీ చూసి, "గిదేంది?" అన్నాడు. చెప్పాను. తన తండ్రి పేరు చెప్పాడు, రాసుకున్నాను. ఇటుకలాయన తండ్రి పేరు చెప్పాడు, రాసుకున్నాను. పట్నమాయన తండ్రి పేరు దగ్గర ఆగి, "మా చిన్నాయన" అన్నాడు. పేరు కావాలండీ అన్నాను. పనివాళ్లు కడీ మొదట్లో గడ్డపార దింపి ఊపుతున్నారు, ఆయన అటు చూస్తున్నాడు. తర్వాత ఆ పేరు కూడా చెప్పాడు.

"ఇగ జర పక్కకు జరుగు సారూ," అన్నాడు. "రాయి నీ కాళ్ల మీద పడ్తది."

జరిగాను. చీటీ మర్నాడు మేడమ్‌కు ఇచ్చాను, పెన్సిలు కూడా చెక్కి ఇచ్చాను.